సంచి నిండితే లెక్కలోకి రాదా?

"బ్యాగు ఉన్నవాళ్ళకు మోషన్ పలచగా రావడం మామూలే, కంగారు పడకండి." స్టోమాతో ఉండి ఇమ్యూనోథెరపీ ఎక్కించుకుంటున్నవాళ్ళు తరచుగా వినే ఓదార్పు ఇది. చెప్పేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. డ్యూటీ డాక్టరు చెబుతాడు, నర్సమ్మ చెబుతుంది, ఇంట్లోవాళ్ళు చెబుతారు, ఏళ్ళ తరబడి బ్యాగుతో బతుకుతున్న మనిషి తనకు తానే చెప్పుకుంటాడు. అయినా ఈ మాట తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఈ విషయం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. క్యాన్సర్ ఉన్న పేగుభాగం తీసేశాక, లేదా లోపల కుట్టిన చోటు మానేదాకా, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి చర్మానికి కుడతారు. ఆ ద్వారమే స్టోమా, అందులోంచి వచ్చేది దానికి అంటించిన సంచిలో, అంటే బ్యాగులో పడుతుంది. చిన్నపేగు బయటికి తెస్తే ఇలియోస్టమీ, పెద్దపేగు తెస్తే కొలోస్టమీ. మూత్రాశయం తీసేసినవాళ్ళకు చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి చేస్తారు. అదీ స్టోమానే, కాకపోతే సంచిలో పడేది మూత్రం. ఇక ఇమ్యూనోథెరపీ సంగతి. ఒంట్లోని రక్షణ కణాలు హద్దు మీరకుండా సీటీఎల్ఏ-4, పీడీ-1 అనే కట్టడులున్నాయి. క్యాన్సర్ వాటి చాటున బతుకుతుంది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఆ కట్టడిని సడలిస్తాయి. ఈ దారి చూపినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. కట్టడి సడలిన కణాలు క్యాన్సర్ మీదికే వెళ్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. చర్మం మీద పడతాయి, థైరాయిడ్ మీద పడతాయి, కాలేయం మీద పడతాయి. పేగు మీద పడటం వాటికి బాగా అలవాటు.

"ఇది కీమో కాదండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్న ప్రచారం ఇంకొకటి. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఫలితాలు ప్రకటించినప్పుడు మన టీవీలన్నీ ఊగిపోయాయి. పన్నెండు మంది మలాశయ క్యాన్సర్ రోగులు, పన్నెండు మందిలోనూ కణితి కనబడకుండా పోయింది. ఆపరేషన్ లేదు, బ్యాగు లేదు. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా ఆ పన్నెండు మందిలో కనబడలేదు. అంతా నిజమే. కానీ వాళ్ళందరివీ డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ చెడిన ప్రత్యేకమైన కణితులు. మలాశయ క్యాన్సర్లలో అవి పదో వంతు కూడా ఉండవు. ఆ సంగతి స్క్రోలింగులో రాలేదు. పన్నెండు మందికి రాలేదు కాబట్టి ఎవరికీ రాదనుకోవడం లెక్కలు రానివాళ్ళు చేసే పని.

న్యాయంగా చెప్పాల్సింది చెప్పేస్తాను. శరీరమంతా పాకిన అదే తరహా పేగు క్యాన్సర్‌లో పెంబ్రోలిజుమాబ్‌ను కీమోతో పోల్చిన కీనోట్-177 పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. చికిత్స వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు కీమో తీసుకున్నవాళ్ళలో 66 శాతం మందికి వస్తే, ఇమ్యూనోథెరపీ తీసుకున్నవాళ్ళలో 22 శాతం మందికి వచ్చాయి. కాబట్టి ఈ మందుల మీద నాకు కోపం లేదు. తక్కువ అంటే లేనట్టు కాదన్నదే నా గొడవ. సీటీఎల్ఏ-4 కట్టడిని సడలించే ఇపిలిముమాబ్ తీసుకున్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి విరేచనాలవుతాయి. 2018లో జామా ఆంకాలజీ పత్రికలో వచ్చిన పరిశీలన చూడండి. సీటీఎల్ఏ-4 తరహా మందు ఒక్కటే వాడుతూ దాని దుష్ప్రభావాలతో చనిపోయిన 193 మందిలో 135 మందిని తీసుకుపోయింది పెద్దపేగు వాపే, అంటే కొలైటిస్. పీడీ-1 మందుల్లో ఈ ముప్పు బాగా తక్కువ. రెండు రకాలూ కలిపి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది.

ఇక్కడే ఒక తెలివైన వాదం ఎదురొస్తుంది. "పెద్దపేగే పనిలో లేనివాళ్ళకు పెద్దపేగు వాపు ఎక్కడి నుంచి వస్తుంది?" వినడానికి బాగుంది. కానీ స్టోమా ఉన్నవాళ్ళలో చాలామందికి పెద్దపేగు ఉంటుంది. కొలోస్టమీ వాళ్ళకు కొంత భాగం పనిచేస్తూనే ఉంటుంది. కింద కుట్టు మానేదాకా తాత్కాలికంగా ఇలియోస్టమీ పెట్టినవాళ్ళకు మిగిలిన పెద్దపేగంతా లోపల ఖాళీగా పడుంటుంది. దాంట్లోకి మలం వెళ్ళకపోయినా రక్తం వెళ్తుంది, రక్తంతోపాటు రక్షణ కణాలూ వెళ్తాయి. అక్కడ వాపు మొదలైతే సంచిలో ఏ మార్పూ కనబడకపోవచ్చు. కింది దారిన జిగురు, నెత్తురు పడతాయి, కడుపులో నొప్పి వస్తుంది. వాడకంలో లేని పేగులో ఎలాగూ కొంత వాపు, జిగురు ఉంటాయి కాబట్టి "అది మామూలే" అని దాన్నీ కొట్టిపారేస్తారు. ఇమ్యూనోథెరపీ మొదలయ్యాక ఆ జిగురు పెరిగినా, నెత్తురు చారలు కనబడినా మామూలన్న మాట చెల్లదు. మూత్రపు సంచి ఉన్నవాళ్ళ సంగతి ఇంకా తేలిక: వాళ్ళ పేగులు దాదాపు పూర్తిగా ఉన్నాయి, అందరిలాగే వాళ్ళకూ కొలైటిస్ వస్తుంది. సంచిలో మూత్రం తగ్గి ముదురు రంగుకు తిరిగిందంటే ఒంట్లో నీరు అప్పటికే ఇంకిపోయిందన్నమాట.

పెద్దపేగు నిజంగానే లేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ముప్పు తక్కువనే వాదం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. మనం తాగేది, లోపల ఊరేది కలిసి రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం చిన్నపేగులోకి చేరుతుంది. చిన్నపేగు అందులో ఎక్కువ భాగం పీల్చుకుని లీటరో, లీటరున్నరో పెద్దపేగుకు వదులుతుంది. అది దాన్ని 100-200 మిల్లీలీటర్లకు దించుతుంది. అవసరమొస్తే పెద్దపేగు రోజుకు నాలుగైదు లీటర్లు కూడా పీల్చుకోగలదు. ఈ మందులు చిన్నపేగును కూడా వాచేలా చేస్తాయి, ఒక్కోసారి చిన్నపేగును మాత్రమే. మామూలు మనిషికైతే చిన్నపేగు చేసిన నష్టాన్ని పెద్దపేగు కొంత సర్దుకుంటుంది. ఇలియోస్టమీ మనిషికి సర్దేవాళ్ళు లేరు. చిన్నపేగు పీల్చుకోలేకపోయిందంతా నేరుగా సంచిలోకే. కాబట్టి అదే మోతాదు వాపు అతణ్ణి ముందుగా, ఎక్కువగా దెబ్బతీస్తుంది.

అసలు గొడవ లెక్క దగ్గరుంది. క్యాన్సర్ వైద్యంలో దుష్ప్రభావాల తీవ్రతను కొలిచేందుకు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ తయారుచేసిన సీటీసీఏఈ అనే పట్టిక ఉంది. అయిదో కూర్పు 2017లో వచ్చింది. ప్రపంచమంతా ఈ పట్టికనే వాడతారు. విరేచనాల విషయంలో ఆ అయిదో కూర్పు ఇలా చెబుతుంది: మామూలు కన్నా రోజుకు నాలుగుసార్ల లోపు పెరిగితే మొదటి గ్రేడు, నాలుగు నుంచి ఆరైతే రెండు, ఏడు, ఆపైన అయితే మూడు. మరి స్టోమా వాళ్ళకో? మొదటి గ్రేడుకు "కొద్దిగా" పెరగడం, రెండుకు "ఓ మోస్తరుగా", మూడుకు "తీవ్రంగా". అంతే, అంకె లేదు. అందరికీ లెక్క ఇచ్చిన పట్టిక, నీళ్ళు అందరికన్నా వేగంగా పోగొట్టుకునేవాళ్ళకు విశేషణాలు ఇచ్చి ఊరుకుంది. మందు కొనసాగించాలా, ఆపాలా, స్టెరాయిడ్ మొదలుపెట్టాలా అన్నవన్నీ ఈ గ్రేడు మీదే ఆధారపడి ఉంటాయి. ఒక డాక్టరుకు కొద్దిగా అనిపించింది ఇంకో డాక్టరుకు ఓ మోస్తరుగా అనిపిస్తే రోగి ఎవరి విశేషణాన్ని నమ్ముకోవాలి?

పట్టికలో అంకె లేదు కాబట్టి ఫోనులో అవతలి మనిషి అలవాటు ప్రకారం అందరినీ అడిగే ప్రశ్నే అడుగుతుంది: "రోజుకు ఎన్నిసార్లు అవుతోందండీ?" స్టోమా నుంచి వచ్చేది సార్లుగా రాదు, కారుతూ ఉంటుంది. సరే, సంచి ఎన్నిసార్లు ఖాళీ చేశారని అడిగితే? అదీ పనికిరాదు. ఒకాయన సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తాడు. రోజుకు ఆరుసార్లు, సారికి 150 మిల్లీలీటర్ల చొప్పున 900. ఇంకొకావిడ అంచుదాకా ఆగి నాలుగుసార్లే చేస్తుంది, సారికి 400 చొప్పున 1600. నాలుగు కన్నా ఆరు ఎక్కువ కాబట్టి ఆయనకు కంగారు, ఆవిడకు భరోసా. ఆసుపత్రికి వెళ్ళాల్సింది ఆవిడ! కుదురుకున్న ఇలియోస్టమీ రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఇవ్వడం మామూలు. లీటరున్నర దాటితే అది హై అవుట్‌పుట్. ఆ గీత దాటాక మూత్రపిండాలు దెబ్బతినడానికి వారాలు అక్కర్లేదు, రోజులు చాలు.

పైగా ఆ గీత కూడా అందరికీ ఒకటి కాదు. రోజూ 500 వచ్చే మనిషికి 1200 వచ్చిందంటే రెట్టింపు దాటిందన్నమాట, ఇంకా లీటరున్నర కాలేదుగా అనుకుంటే మోసపోతాం. అందుకే మొదటి ఇంజెక్షన్‌కు ముందే, ఒంట్లో బాగున్నప్పుడే, రెండు మూడు రోజులు మిల్లీలీటర్ల గుర్తులున్న ప్లాస్టిక్ జగ్గుతో సంచిలోది కొలిచి రాసి పెట్టాలి. ఇమ్యూనోథెరపీకి ముందు థైరాయిడ్ చూస్తారు, కాలేయం చూస్తారు, షుగర్ చూస్తారు. వేలకు వేలు బిల్లవుతుంది. వంద రూపాయల జగ్గుతో తేలే ఈ పరీక్షను మాత్రం ఎవరూ రాయరు. రాస్తే పెద్దగా బిల్లయ్యేది కాదు కాబట్టేమో!

ఇక ఇంటి వైద్యం. సంచి నీళ్ళలా నిండుతుంటే ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పని నీళ్ళు తాగించడం. ఆ ప్రేమను తప్పుపట్టలేం, కానీ ఆ నీళ్ళే కొంప ముంచుతాయి. ఇలియోస్టమీ నుంచి పోయే ప్రతి లీటరుతో దాదాపు ఆరు గ్రాముల ఉప్పు పోతుంది, అంటే ఒక టీస్పూను నిండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఈ మనిషి రెండు లీటర్ల సంచితో పన్నెండు గ్రాములు పోగొట్టుకుంటున్నాడు. అలాంటప్పుడు ఉప్పు లేని నీళ్ళు తాగితే చిన్నపేగు గోడల నుంచి సోడియం పేగులోకి కారుతుంది, దాని వెంట నీరూ కారుతుంది. తాగేకొద్దీ సంచి ఇంకా నిండుతుంది, దాహమూ ఇంకా పెరుగుతుంది. అందుకే హై అవుట్‌పుట్ ఉన్నవాళ్ళకు తెలిసిన డాక్టర్లు మామూలు నీళ్ళు, టీ, జ్యూసులన్నీ కలిపి రోజుకు అర లీటరు నుంచి లీటరుకు కుదిస్తారు. మిగతా దాహానికి ఉప్పు, గ్లూకోజు కలిసిన ద్రావణం. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరుతో వాడుకలో ఉన్న ద్రావణంలో లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా ఉంటాయి. లీటరుకు 90 మిల్లీమోళ్ళ సోడియం అవసరమని ఆ కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో 2002 నుంచి ఉన్నది 75. కాబట్టి ఏది తాగాలో, ఎంత చిక్కగా కలపాలో రోగిని చూసే డాక్టరే చెప్పాలి.

కొబ్బరిబోండాం గురించి కూడా చెప్పాలి, పలకరించడానికి వచ్చినవాళ్ళు తెచ్చేది అదే కాబట్టి. అందులో పొటాషియం ఎక్కువ, పోతున్న సోడియానికి సరిపడా ఉప్పు ఉండదు. మూత్రపిండాలు అప్పటికే నెమ్మదించిన మనిషికి ఆ పొటాషియం గుండె మీదికి వస్తుంది. మందుల దుకాణంలో రంగు డబ్బాల్లో అమ్మిన తీపి నీళ్ళు అంతకన్నా అన్యాయం. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయడాన్ని ఆపించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పిల్లల కోసం జరిగిన ఆ పోరాటం స్టోమా ఉన్న పెద్దలకూ అంతే అవసరం. ఉప్పేసిన గంజి, ఉప్పు మజ్జిగ మన వంటింట్లో ఉన్నవాటిలో నయం. బీపీ ఉందని ఉప్పు మానిపించిన మనిషి అయితే ఆ నిషేధాన్ని, బీపీ మాత్రను, షుగర్ మాత్రను కూడా ఆ రోజుల్లో కొనసాగించాలో లేదో డాక్టరును అడగాలి. ఒళ్ళెండిపోతున్నప్పుడు టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ లాంటివి మామూలుగా మింగుతూ పోతే మూత్రపిండాలకు, ప్రాణానికి చేటు.

"లోపరమైడ్ వేసుకుంటే ఆగుతుంది, మాకు అలవాటే" అనేవాళ్ళు స్టోమా అనుభవజ్ఞులు. వాళ్ళ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. లోపరమైడ్, సగ్గుబియ్యం జావ, అరటిపండు, మెత్తటి అన్నం సంచిలోదాన్ని చిక్కబరుస్తాయి, ఇది వాళ్ళు మనకు నేర్పాల్సిన విద్యే. కానీ ఆ విద్య ఇమ్యూనోథెరపీకి ముందటిది. రక్షణ కణాలు పేగు పొరను తింటున్నప్పుడు పేగు కదలికను నెమ్మదింపజేస్తే ప్రవాహం తగ్గినట్టు కనబడుతుంది, లోపల వాపు దాని పని అది చేసుకుపోతుంది. పేగుకు చిల్లు పడిన కేసులు ఈ మందుల చరిత్రలో ఉన్నాయి. మన ఊళ్ళలో దీనికి ఇంకో మలుపుంది. ఇమ్యూనోథెరపీ హైదరాబాద్‌లోనో, విశాఖలోనో. విరేచనాలు పట్టుకునేది ఊళ్ళో, రాత్రిపూట. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి, ఒఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ బిళ్ళలిచ్చి వెళ్తాడు. ఇది క్రిమి వల్ల వచ్చింది కాకపోవచ్చని అతనికి చెప్పేవాళ్ళు లేరు. చివరి డోసు అయిపోయి నెలలు గడిచాక కూడా ఈ వాపు రావచ్చని రోగికే తెలియదు. "ఆ మందు ఆపేశాం కదా" అనుకుంటాడు.

క్రిమి కూడా కావచ్చు, నిజమే. అందుకే మలపరీక్ష, సీ-డిఫిసిల్ అనే క్రిమి పరీక్ష చేయాలి. స్టోమా ఉండటంలో ఒక సౌకర్యం కూడా ఉంది: ఆ దారినే సన్నటి ఎండోస్కోప్ పంపి చిన్నపేగు కొసను చూసి ముక్క తీయవచ్చు. పైకి నున్నగా కనబడినా ముక్క తీయాలి, వాపు మైక్రోస్కోపులోనే దొరకొచ్చు. మూత్రంలో సోడియం పరీక్ష ఇంకా చవక. అది లీటరుకు 20 మిల్లీమోళ్ళ కంటే తక్కువుంటే, మూత్రపిండాల దెబ్బను చూపే క్రియాటినిన్ పెరగకముందే ఒంట్లో ఉప్పు అయిపోయిందని తెలిసిపోతుంది. ఇంకొకటి. నీరసం, బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం చూసి అంతా సంచి మీదికి తోసేయకూడదు. ఇవే మందులు పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులను దెబ్బతీసినా ఇవే లక్షణాలు వస్తాయి. ఒక్క కార్టిజాల్ పరీక్ష ఆ తేడా పట్టిస్తుంది. సెలైన్ సీసాలు ఎన్ని ఎక్కించినా మనిషి లేవకపోతే ఆ పరీక్ష చేశారా అని అడగండి.

వైద్యం మొదలయ్యాక కూడా స్టోమా మనిషిని మామూలు మనిషి కింద జమకట్టే పొరపాటు ఆగదు. స్టెరాయిడ్ ఇస్తారు. సరైనదే. కానీ పేగు కిందిభాగంలో కరగడానికి పూత పూసిన మాత్రలు, నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూళ్ళు ఇలియోస్టమీ ఉన్నవాళ్ళలో కరగకుండానే సంచిలో తేలొచ్చు. బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్‌ను అలా రూపొందించేదే చిన్నపేగు చివర, ఆపైన విడుదల కావడానికి. ఇక్కడ ఆ చివర పొట్ట బయటుంది. మందు పనిచేయలేదని డోసు పెంచేముందు సంచిలో మాత్ర కనబడిందా అని అడిగే డాక్టరు దొరికితే అదృష్టం. స్టెరాయిడ్‌కు మూడు నుంచి అయిదు రోజుల్లో లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు వంతు. దానికి ముందు మన దేశంలో టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజే పంపాలి.

చివరి అభ్యంతరం: "ఇవన్నీ చెబితే రోగులు భయపడి మందే మానేస్తారు." నాకు నచ్చని వాదం ఇదే. రోగి మందు మానకుండా ఉండాలంటేనే ఇవన్నీ చెప్పాలి. మొదటి గ్రేడులో పట్టుకుంటే గమనిస్తూ మందు కొనసాగించవచ్చు. రెండో గ్రేడులో కొన్నాళ్ళు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టే వీలుంటుంది. మూడుకు వెళ్తే ఇపిలిముమాబ్ శాశ్వతంగా బంద్, నాలుగుకు వెళ్తే ఏ మందైనా బంద్. లక్షలు పోసి తెచ్చుకున్న, పనిచేస్తున్న మందును రోగి నుంచి లాక్కునేది సమాచారం కాదు, ఆలస్యం.

క్యాన్సర్ డాక్టర్లు తమ ఫారంలో "రోజుకు ఎన్ని విరేచనాలు" అన్న గడి పక్కనే "స్టోమా: రోజుకు ఎన్ని మి.లీ.; చికిత్సకు ముందు ఎన్ని" అని రెండు గడులు గీయించాలి. దానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు, రేపే చేయొచ్చు. వాళ్ళు గీయించేదాకా ఆగకండి. మీ ఇంట్లో స్టోమా ఉన్నవాళ్ళకు ఇమ్యూనోథెరపీ మొదలవుతుంటే ఒక జగ్గు, ఒక నోటుపుస్తకం కొనండి. ముందు రోజుల కొలత రాయండి. ఆ తర్వాత కొలత సగానికి సగం పెరిగినా, సంచిలో నెత్తురు కనబడినా, మూత్రం తగ్గినా, కింది దారిన జిగురు పెరిగినా ఆ రోజే ఫోన్ చేసి "ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నాం, స్టోమా ఉంది" అన్న రెండు ముక్కలూ ముందు చెప్పండి. అవతలివాళ్ళు ఎన్నిసార్లని అడిగితే ఎన్ని మిల్లీలీటర్లో చెప్పండి. మామూలేనని ఫోన్ పెట్టేయబోతే డాక్టరుకే ఇవ్వమని పట్టుబట్టండి.